గజ్జెలు తిన్న పెట్టె

మా ఆయన పోచయ్య, బోరుకు మోటారు తెస్తానని హైదరాబాదు పోయి పాటల పెట్టె కొనుక్కొచ్చిన మనిషి. ఇరవై ఏళ్ల కిందటి మాట. చెరుకు డబ్బులు చేతికొచ్చిన ఏడాది. జపాన్‌లో తయారైన సీడీ ప్లేయరట, అంత మంచిది ఎల్లారెడ్డి ఊరు మొత్తంలో ఇంకొకటి లేదట. అవును మరి, అంత పిచ్చిమనిషీ ఇంకొకడు లేడు. ఆ ఎండాకాలమంతా పక్క పొలం వాళ్ల నీళ్లతో పంట గట్టెక్కించాం. నేను చాలా రోజులు ఆ పెట్టె ఉన్న గదిలో అడుగు పెట్టలేదు.

అయినా దాని మీద దుమ్ము పడకుండా పాత చీర చించి ముసుగు కుట్టింది నేనే. కోపం వేరు, సామాను వేరు.

దోమకొండ దిక్కు ఒగ్గు కళాకారులు చెప్పిన కథ డిస్కు ఒకటుంది. అదంటే ఆయనకు ప్రాణం. డోలు దడదడలాడి ఆగిన చోట కథకుడి కాలి గజ్జెలు ఘల్లుమంటాయి. ఆ గజ్జెలు వచ్చినప్పుడల్లా ఈయన మోకాలి మీద వేలు ఆడించేవాడు.

రెండేళ్ల కిందట ఆ వేలు ఆగిపోయింది.

"పెట్టె గజ్జెలను తింటున్నదే విమలా. డోలు మంచిగనే వస్తున్నది, గజ్జెలు వస్తలేవు" అన్నాడు. నేను వంటింట్లో ఉన్నాను. నాకు అక్కడి దాకా వినిపిస్తున్నాయి.

చెప్పడానికి నోరు రాలేదు. గట్టు మీద నిలబడి, మోటారు చప్పుడు విని బోరులో నీళ్లు ఎంత దిగాయో చెప్పే మనిషి. బర్రె నెమరేసే చప్పుడును బట్టి దాని ఒంట్లో బాగుందో లేదో చెబుతాడని చుట్టుపక్కల వాళ్లు పిలిపించుకునేవారు. అలాంటి మనిషితో లోపం పెట్టెలో లేదయ్యా, నీ చెవిలో ఉందని ఎలా అంటాను? వెనక నుంచి పిలవడం మానేసి, ఎదురుగా వచ్చి మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. నాకే సరిగ్గా వినిపించడం లేదని చెప్పి టీవీ సౌండు పెంచేదాన్ని.

ఈయనేమో పెట్టెను కామారెడ్డిలో ఇద్దరు మెకానిక్కులకు చూపించాడు. ఏ లోపమూ లేదన్నందుకు ఇద్దరికీ పని రాదని తేల్చేశాడు. చివరికి అమ్మేస్తానన్నాడు.

"రోగమున్న జీవిని కండ్ల ముంగట పెట్టుకొని సూడలేనే" అన్నాడు. ఆ మాటకు నాకు ఏడుపొచ్చింది.

పాత ప్లేయర్లు కొని అమ్మే సతీశ్ కామారెడ్డి నుంచి కారులో వచ్చాడు. పెళ్లయి పిల్లలున్నవాడే, నా కంటికి మాత్రం పిల్లవాడిలా కనిపించాడు. ముసుగు తీయగానే పెట్టెను ప్రేమగా నిమిరాడు.

"గింత మంచిగ పెట్టుకున్నోళ్లను నేనెన్నడు సూడలే బాపూ" అన్నాడు.

అక్కడితో బేరం కుదిరిపోవాల్సింది. కానీ ఈయన పశువుల అంగట్లో పెరిగిన మనిషాయె. ఎద్దును అమ్మితే దాని ఐబు ఏమిటో, అంటే లోపం ఏమిటో, ముందే చెప్పి, కొనేవాడికి కళ్లారా చూపించి గానీ పలుపు చేతికివ్వడు. కుంటి ఎద్దును నడిపించి చూపినట్టు ఈ పెట్టెనూ పాడించి చూపిస్తానని కూర్చున్నాడు.

"దీంట్ల ఐబు ఉన్నది బిడ్డా. ముందుగాల ఇను. గజ్జెలు రావు."

కథ మొదలైంది. నేను ఆయన కుర్చీ వెనక్కి జరిగి, సతీశ్‌కు కనిపించేలా నా చెవి చూపించి, ఆయన వైపు సైగ చేసి, రెండు చేతులూ జోడించాను. ఆ సంగతి ఆయన ఒక బయటివాడి నోట వినకూడదు, అంతే నా బాధ.

సతీశ్‌కు అర్థమైంది. మంచివాడు.

"అవు బాపూ, వస్తలేవు. అయినా ఏం గాదు, పూర ధర ఇస్త" అన్నాడు.

ఈయన ఐబు ఉన్న ఎద్దుకు పూర్తి ధర ఇచ్చేవాణ్ని ఏ అంగట్లోనూ చూసి ఉండడు. తువ్వాల కప్పి, దాని కింద వేళ్లు పట్టుకొని బేరాలాడే వాళ్లకు మాట కన్నా వేలు మీదే నమ్మకం. ఆయన సతీశ్ చేతినే చూస్తున్నాడు. ఆ పిల్లవాడి వేలు తనకు తెలియకుండానే మోకాలి మీద ఆడుతోంది. డోలు ఆగిన చోటల్లా ఆడుతోంది.

ఈయన పెట్టె ఆపి నా వైపు తిరిగాడు.

"నీ పట్టీల మువ్వలు ఊడిపోయినయనుకున్న. ఉన్నయా?"

కాలు ముందుకు పెట్టి చూపించాను. ఒక్కటీ ఊడలేదు.

"నడువు."

గుమ్మం దాకా నడిచి వచ్చాను. ఆయన కళ్లు మూసుకొని విన్నాడు. తెరిచి, లేదన్నట్టు తల ఊపాడు.

"ఎప్పటి సంది ఎర్క నీకు?"

"నీ వేలు ఆగిన కాడి సంది."

పెట్టెను ముందుకు జరిపి సతీశ్‌తో, "ఐబు దీనికి లేదు బిడ్డా, నాకున్నది. తీస్కపో. నాకింక పనికి రాదు" అన్నాడు.

సతీశ్ పెట్టె మీద చెయ్యి వేశాడో లేదో, నేను ముసుగు తెచ్చి కప్పేశాను. ఇరవై ఏళ్లు దాన్ని తిట్టిపోసిన దాన్ని నేనే.

"నా మోటరు పైసలతోని కొన్న పెట్టె ఇది. నేనియ్య!" అన్నాను.

సతీశ్ నవ్వి, చాయ తాగి, ఉత్త చేతులతో వెళ్లాడు.

చెవుల డాక్టరుకు చూపించడానికి వచ్చే వారం కామారెడ్డి పోతున్నాం. ఏమంటాడో తెలియదు. ఆ సాయంత్రం మాత్రం కథ నేనే పెట్టాను. పక్కన కూర్చొని ఆయన చెయ్యి ఒళ్లోకి తీసుకొని, పైన తువ్వాల కప్పాను. ఈ వయసులో ఇదేం సరసమని ఎవరైనా అంటే సిగ్గు కదా. డోలు ఆగి గజ్జెలు మోగినప్పుడల్లా ఆయన అరచేతిలో వేలితో తట్టాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. కొంతసేపయ్యాక నా వేలు గట్టిగా పట్టుకున్నాడు.

"నడుమ ఒక గజ్జె ఇడిచిపెట్టినవ్ విమలా."

నిజమే. కళ్లు తుడుచుకుంటూ ఒకటి వదిలేశాను.