నీడకు పనిచేసిన బూట్లు

దేవేంద్ర నగర్ పార్కు నడుమ చిన్న ఆంజనేయస్వామి గుడి ఉంది. అందుకని పొద్దున్న నడకకు వచ్చేవాళ్ళంతా గుడిని కుడిచేతి వైపు ఉంచుకునే తిరుగుతారు. ఆరోగ్యానికి ఆరోగ్యం, ప్రదక్షిణకు ప్రదక్షిణ. ఎదురు తిరిగితే పాపమట. ఈ ఏర్పాటులో చిక్కేమిటంటే, అక్కడ ఎవరికీ ఎవరూ ఎదురుపడరు. నెమ్మదిగా నడిచేవాళ్ళకు లోకమంతా వీపులే కనిపిస్తాయి.

ప్రియదర్శినికి మూడేళ్ళుగా గురునాథం వీపు కంఠతా వచ్చు.

ఆమెకు నలభై ఏళ్ళు. ఊరి అంచున ఉర్లాలో ఒక రోలింగ్ మిల్లు ఆఫీసులో ఫైళ్ళు చూస్తుంది. ఇంట్లో తండ్రి రామమూర్తి ఒక్కడే, రైల్వే గార్డుగా రిటైరయ్యాడు. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరికి జబ్బు చేసేది. జబ్బులు తీరేసరికి పెళ్ళి మాట ఎత్తేవాళ్ళు లేకుండా పోయారు. గురునాథం రైల్వే గూడ్స్ ఆఫీసులో ఇన్‌స్పెక్టరు, భార్య పోయి ఆరేళ్ళయింది. బండి కదిలిపోతున్నట్టు నడుస్తాడు మనిషి. ఆమె మూడు రౌండ్లు తిరిగేసరికి ఆయన అయిదు తిరుగుతాడు. అంటే రోజుకు రెండుసార్లు ఆమెను దాటిపోతాడు.

వాళ్ళ మాటలన్నీ ఆ దాటిపోవడంలోనే. మొదటిసారి "మీ నాన్నగారికి దగ్గు తగ్గిందా అండీ?" అంటాడు. ఆమె నోరు తెరిచేసరికి పది అడుగుల అవతల ఉంటాడు. ఆ జవాబును మోసుకుంటూ తిరిగి తిరిగి, రెండోసారి దాటేటప్పుడు "తగ్గిందండీ" అని అప్పజెబుతుంది. ఆ రోజుకు అంతే. గేటు దగ్గర ఆగుదామంటే ఆయనకు డ్యూటీ, ఆమెకు బస్సు. పైగా అక్కడి బెంచీల మీద కూర్చునే ఆడవాళ్ళకు కళ్ళూ ఎక్కువే, నోళ్ళూ ఎక్కువే.

ఆమెకు ఒకటే కోరిక. ఒక్క రౌండు, మొదటి నుంచి చివరిదాకా, ఆయన పక్కన నడవాలి. రాత్రి అన్నం వడ్డిస్తున్నా, ఆఫీసులో ఫైళ్ళు సర్దుతున్నా అదే ధ్యాస.

రెండువేల పదకొండులో టీవీలో ఒక బూట్ల ప్రకటన వచ్చేది. అడుగున పడవలాగా వంపు. వేసుకుని ఊరికే నడిస్తే చాలు, పిక్కలూ తొడలూ గట్టిపడి మనిషి చలాకీ అయిపోతుందని ఒక అమ్మాయి హిందీలో ఒట్టేసినట్టు చెప్పేది. ప్రియదర్శిని తెప్పించుకుంది. మొదటి వారం అటూ ఇటూ ఊగుతూ నడిచింది. రెండో వారానికి అలవాటు పడింది. నెల తిరిగాక పక్కింటి గంగాభవాని టేపు పట్టుకొచ్చి, వాకిట్లో నిలబెట్టి పిక్క కొలిచింది.

"ఎక్కడి కొలత అక్కడే ఉందే పాపా. బేకార్ బూట్లు," అని లేవబోయి, ఎండలోకి చూసి ఆగింది. వంగి నేల మీద టేపు పరిచింది. "ఓలమ్మో! నీ నడుం కాదే, నీ నీడ నడుం తగ్గిపోనాది! రెండంగుళాలు! పిక్కలు చూడు, ఎలా బిగిసినాయో!"

నిజమే. నీడకు నడుం వచ్చింది, కాళ్ళు తీరాయి. ప్రియదర్శిని కంపెనీకి ఫోను చేసింది. "ఫరక్ పడింది కదా మేడమ్, ఇంక కంప్లయింటు దేనికి?" అని పెట్టేశారు. ఆ బూట్లు పనిచేస్తాయా చెయ్యవా అని పార్కులో వారం రోజులు వాదించుకున్నారు. కాళ్ళకు చెయ్యవు, నీడకు చేస్తాయి అని తేల్చుకుని, కరెంటు కోతల సంగతిలో పడ్డారు. తల్లులు మాత్రం పిల్లల్ని గదమాయించేవారు, "అత్త నీడ తొక్కకండిరా, పాపం కష్టపడి నడిచింది" అని.

పార్కు దక్షిణం వైపు దారిలో సూర్యుడు వీపు వెనక ఉంటాడు. అక్కడికి రాగానే ఆమె నీడ చకచకా ముందుకు సాగి గురునాథం నీడ పక్కన చేరేది. రెండూ అడుగులో అడుగు వేసుకుంటూ పోయేవి. వెనక ఆయాసపడుతూ ప్రియదర్శిని చూసేది. తన నీడను చూసి తనే కుళ్ళుకుంది. ఆ నీడకున్న అదృష్టం తనకు లేదని ఇంటికి వెళ్ళి ఏడ్చింది కూడా.

ఒక గురువారం గురునాథం రెండోసారి దాటుతూ, "నాగపూర్ ట్రాన్స్‌ఫరయిందండీ. ఆదివారం సాయంత్రం బండికి వెళ్తున్నాను," అన్నాడు. రెండోసారి కాబట్టి ఇక ఆ రోజు జవాబు చెప్పే వీల్లేదు. శుక్రవారం, శనివారం ఆఫీసు అప్పగింతలట, ఆయన రాలేదు.

ఆదివారం వచ్చాడు. మొదటిసారి దాటుతూ, "వెళ్ళొస్తానండీ," అన్నాడు. "మంచిదండీ" అనాలి ఆమె. అంతకుమించి ఒక్క అడుగు దూరంలో ఏం చెప్పగలదు? రెండోసారి దాటాడు. ఆ "మంచిదండీ" ఆమె అప్పజెప్పలేదు. ఆయన ఒక్క క్షణం చెవి ఇటు పెట్టి, ముందుకు సాగిపోయాడు.

దక్షిణం దారిలో నీడ పరుగు తీసింది. గురునాథాన్ని దాటి వెళ్ళి, ఈ కంచె నుంచి ఆ కంచెదాకా అడ్డంగా పడుకుంది.

గురునాథం ఆగిపోయాడు. "మీ నీడ అడ్డంగా ఉందండీ," అన్నాడు. "తొక్కి ఎలా వెళ్ళను?"

ప్రియదర్శిని రొప్పుతూ వచ్చి పక్కన నిలబడింది. బెంచీల మీది ఆడవాళ్ళు మెడలు చాచారు.

"తీయనండీ," అంది. "ఒక్క రౌండు నాతో నడవండి. నా నడకే నడవాలి. నాకింతే వచ్చు."

నీడ లేచి తప్పుకుంది. ఇద్దరూ నడిచారు. గురునాథానికి నెమ్మదిగా నడవడం రాదు. నాలుగు అడుగులు వేసి, తల గోక్కుంటూ ఆగి, ఆమె వచ్చాక మళ్ళీ వేసేవాడు. ముసలివాళ్ళు కూడా వాళ్ళను దాటిపోయారు. సగం రౌండయ్యాక ఆయన అన్నాడు.

"డాక్టరు నన్ను రోజుకు రెండు రౌండ్లే నడవమన్నాడండీ, అదీ మెల్లగా. గుండె అంత మంచిది కాదు."

"మరి అయిదు ఎందుకండీ? అంత జోరుగా?"

"రెండే తిరిగితే మిమ్మల్ని ఒక్కసారి కూడా దాటలేను కదండీ. అయిదు తిరిగితే రెండుసార్లు కనిపిస్తారు."

ప్రియదర్శిని ఆగిపోయింది. మూడేళ్ళు. ఆయన మొహంలోకి మొదటిసారి నిండుగా చూసింది.

"నేను నాగపూర్ వస్తే నాతో మా నాన్న కూడా వస్తాడు," అంది. "చుట్ట కాలుస్తాడు, ఇల్లంతా పొగ."

"కాల్చనివ్వండి," అన్నాడు గురునాథం.