గోడకున్న గాజులు

చేతికి సబ్బు నురగ రాసుకుని, బొటనవేలు అరచేతిలోకి మడిచి, నర్సవ్వ గాజులు ఒక్కొక్కటే బయటికి లాగింది. పన్నెండు ఆకుపచ్చ మట్టిగాజులు. వాటిని నూలుదారానికి గుచ్చి కుళాయి పక్కనున్న మేకుకు తగిలించింది. మోచేతుల దాకా కడుక్కుని కాన్పుల గదికి ఎర్ర బకెట్, వార్డుకు నీలం బకెట్ నింపింది. ఒకదాని గుడ్డ ఇంకోదానికి ముట్టించదు. ఎల్లారెడ్డి దవాఖానలో పదిహేనేళ్ళుగా ఆమె పని ఇదే.

పదకొండేళ్ళ కిందట కామారెడ్డిలో శిక్షణ ఇచ్చినప్పుడు ఒక డాక్టరమ్మ ఆమె గాజుల సందుల్లో దూది తుడిచి, ఆ దూదిని చిన్న పళ్ళెంలో రాసి మూతపెట్టింది. మూడోనాటికి పళ్ళెం నిండా బూజులాంటి చుక్కలు. "పసిపిల్లల బొడ్డులోకి పోయే క్రిములు ఇవేనమ్మా" అని చూపించింది. అంతకు ఎన్నో ఏళ్ళ ముందు నర్సవ్వ తొలి కొడుకు బొడ్డు చీముపట్టి ఎనిమిదోనాడే పోయాడు. ఆ పళ్ళెం చూశాక ఆమె ఏనాడూ గాజులతో వార్డులో అడుగు పెట్టలేదు.

మొగుడు బతికుండగా ఈ బోడి చేతులేమిటని ఊరంతా బుగ్గలు నొక్కుకుంది. ఆమె భర్త హన్మండ్లు మాత్రం నవ్వేవాడు. "నా పానం నీ గాజులల్ల ఉన్నదా ఏందే?" అనేవాడు. రైస్ మిల్లు దుమ్ముకు ఊపిరితిత్తులు పాడై రెండేళ్ళుగా మంచం పట్టినా ఆ వేళాకోళం పోలేదు. సాయంత్రం ఆమె పని ముగించి మళ్ళీ గాజులు తొడుక్కుని ఇల్లు చేరితే, గడపలో ఆ చప్పుడు వింటేనే అన్నానికి లేచేవాడు. ఈ రోజు పొద్దున నవ్వలేదు. "జెల్ది రా" అన్నాడు, అంతే.

ఆ మాట ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. మధ్యాహ్నం సెలవడుగుదామనుకునేసరికి ఒక కాన్పు అయింది. ఇంకొకామె నొప్పులతో బయట బెంచీ మీద ఉంది. గది కడగందే ఆమెను లోపలికి తీసుకోరు. నర్సవ్వ ఎర్ర బకెట్ అందుకుంది.

మూలమూలా కడిగి బయటికొస్తే, అప్పుడే పుట్టిన పిల్లను ఎత్తుకోబోతూ నాయనమ్మ ఎంకవ్వ కనిపించింది.

"చేతులు కడుక్కోని ముట్టవ్వా."

ముసలామె కుళాయి కింద చేతులు పెట్టి, నర్సవ్వ ముంజేతుల వంక చూసింది. "అయ్యో, నీకు ఆయన లేడా బిడ్డా?"

"ఉన్నడవ్వా. గాజులు గోడకున్నయ్."

ఇద్దరూ నవ్వారు.

కాసేపటికి ఫోను మోగింది. కొడుకు భూమేశ్. "అవ్వా, బాపు పోయిండు. గాజుల సప్పుడైందా అని అడిగిండు. గంతే."

నర్సవ్వ గోడవారనే కూలబడింది. నర్సు అనిల పరుగెత్తుకొచ్చి పట్టుకుంది. ఇన్నేళ్ళూ నమ్మని మాటే నర్సవ్వ నోట వచ్చింది. "నేనే తీసిన అనిలమ్మా... నా చేతులతోని నేనే తీసిన."

"గట్ల అనకక్కా" అంటూ అనిల కూడా ఏడ్చింది.

లేచాక, అలవాటుగా, మోచేతుల దాకా చేతులు కడుక్కుంది నర్సవ్వ. మేకు వైపు చూడలేదు. ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రం డ్యూటీ దిగుతూ, ఎవరిచేతైనా పంపుదామని అనిల గాజుల మీద చెయ్యి వేసింది. పంపితే అక్కడ పదోనాడు పగలగొడతారని గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకుంది. తడిసిన గోడ మీద, నూలుదారానికి, పన్నెండు ఆకుపచ్చ గాజులు అలాగే వేలాడుతున్నాయి.