మెట్ల మీద డ్రైవరు

పాస్టరుగారిది పెద్ద గొంతు. మైకు మొరాయించినా ఆయన ప్రసంగం ఆగిన రోజు లేదు. ఆ గొంతు విన్నవాళ్ళే, ఎన్నడో విదేశం వెళ్ళి స్థిరపడిన మన భాషవాళ్ళ చిన్న సంఘానికి ఆయన పేరు చెప్పారు. నెల రోజులు అక్కడే ఉండి, ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పాలి, మిగతా రోజులు ఆ సంఘం నడిపే బడిలో పని చేయాలి.

వారం తిరక్కుండానే బడిపిల్లలు ఆయనకు 'మైకు తాతయ్య' అని పేరు పెట్టేశారు. ఆయన కాస్త నొచ్చుకున్నారు. మైకు అన్నందుకు కాదు, తాతయ్య అన్నందుకు.

పొద్దున పాఠాలు, మధ్యాహ్నం కొత్త తరగతి గదికి రంగులు. రంగుల పనిలో ఆయనకు జోడీ అందరూ డ్రైవరని పిలిచే మనిషి. పేరుకే డ్రైవరు. బండి జోలికి పోకుండా గోడలు గీకుతూ, బెంచీల కాళ్ళు బిగిస్తూ ఉండేవాడు. "అయ్యగారూ, ఆ మూల ఇంకో చెయ్యి వెయ్యాలండి" అన్నాడంటే అదే ఎక్కువ మాట. ఆదివారం చర్చికి వచ్చేవాడు కానీ లోపలికి రాడు. మెట్ల మీద కూర్చుని అంతా విని, చివరి పాట అందుకోగానే లేచి వెళ్ళిపోయేవాడు.

ఎందుకలా అని పాస్టరుగారు హెడ్మిస్ట్రెస్‌ను అడిగారు. ఆమె తలుపు దగ్గరగా వేసి చెప్పింది. "మన యూనిఫాంలు కుట్టే టైలరమ్మ లేదూ, ఆమె చిన్నకూతురు బడి వ్యాను కింద పడి చనిపోయింది. నిరుడు, ఇదే గేటు దగ్గర. పిల్ల దిగి, దొర్లిపోయిన నీళ్ళ సీసా కోసం చక్రాల ముందు వంగింది. ఇతనికి కనపడలేదు. తప్పు లేదని విచారణలో తేల్చారు. అయినా ఇతను మళ్ళీ స్టీరింగ్ ముట్టలేదు."

 తాను ఇంత దూరం వచ్చింది ఇందుకేనేమో అని పాస్టరుగారికి అనిపించింది. తర్వాతి ఆదివారం క్షమాపణ గురించి ప్రసంగించారు. పేరు ఎత్తలేదు కానీ, చూపు మాటిమాటికీ రెండో వరసలో కూర్చున్న టైలరమ్మ మీదికే పోయింది. "లోపల ఒకరం, బయట ఒకరం ఉండి దేవుణ్ణి ఎలా స్తుతిస్తాం?" అని గొంతు పెంచారు. టైలరమ్మ నెమ్మదిగా లేచి, కొంగు సర్దుకుని, పక్క తలుపులోంచి బయటికి వెళ్ళిపోయింది. ప్రసంగం పూర్తయింది కానీ, ఎవరూ ఆయన మొహంలోకి చూడలేదు.

"ఆమెకు వాక్యం తెలీక కాదు, అయ్యగారూ," అంది హెడ్మిస్ట్రెస్, అందరూ వెళ్ళాక. "మీరు నెలాఖరుకి విమానం ఎక్కేస్తారు. ఒకరి మొహాలు ఒకరం చూసుకుంటూ మేం ఇక్కడే ఉండాలి."

మర్నాడు ఆయన టైలరమ్మ ఇంటికి వెళ్ళారు. ముందుగదంతా నీలం గుడ్డ. ఆమె మిషను ఆపి కుర్చీ చూపించింది.

"తప్పు మాట్లాడానమ్మా. మన్నించమని అడగడానికి వచ్చాను."

"మన్నించానని అనమంటే అంటానండి. నోటి మాటేగా," అందామె. "అతని మీద నాకు కోపం లేదు. ఒక్కసారైనా మా గుమ్మం తొక్కలేదనే బాధ. ఆ రోజు పొద్దున జడ వేస్తూ పిల్లను కసురుకున్నాను. కళ్ళనీళ్ళతో బండెక్కింది. దారంతా ఏడుస్తూనే వెళ్ళిందా? చెప్పగలిగేది అతనొక్కడే."

పాస్టరుగారు లేచారు. అక్కణ్ణుంచి తిన్నగా బడికి వెళ్ళారు. కుంచెలు కడుగుతున్న డ్రైవరుకు టైలరమ్మ అన్నదంతా చెప్పారు.

"వాళ్ళింటికి వెళ్ళొద్దని సంఘ పెద్దలు అన్నారండి. నన్ను చూస్తే ఆమెకు గాయం రేగుతుందన్నారు," అన్నాడతను. కుంచె విదిలించి, "నాకూ అదే సుళువనిపించింది. భయం," అన్నాడు.

"నాతో రా. నేను నోరు విప్పను."

ఆయన మాట నిలబెట్టుకున్నారు. డ్రైవరు గుమ్మం లోపల, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. టైలరమ్మ అడిగింది. అతను నేల చూస్తూ చెప్పాడు.

"ఎక్కినప్పుడు మూతి ముడుచుకునే ఉందమ్మా. అబద్ధం చెప్పను. నా వెనక సీట్లో కూర్చుంది. రెండు వీధులు దాటేసరికి మర్చిపోయింది. అద్దంలో నన్ను చూస్తూ మూతి వంకర్లు తిప్పింది. నేనూ తిప్పాను. కిలకిలా నవ్వింది. బడి దాకా అదే ఆట. గేటు దగ్గర దిగి, సీసా..."

"అది చెప్పకు," అందామె. "అది నాకు తెలుసు."

చేతిలో ఉన్న నీలం గుడ్డలో మొహం దాచుకుని ఏడ్చింది. డ్రైవరు కూడా ఏడ్చాడు. పాస్టరుగారు ప్రార్థన చేయబోయి మానుకున్నారు. చివరికి ఆమె మొహం తుడుచుకుంది.

"ఇక వెళ్ళు. ఆదివారం లోపల కూర్చో. మెట్ల మీద నిన్ను దాటుకుంటూ పోలేక చస్తున్నాను."

ఆయన అక్కడున్న చివరి ఆదివారం డ్రైవరు తన భార్యతో కలిసి లోపలికొచ్చి, ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. టైలరమ్మ వెనక్కి తిరగలేదు. ఆరాధన అయ్యాక పలకరించనూ లేదు. పాస్టరుగారు ఒక కీర్తన చదివి, నాలుగు మాటలు మెల్లగా చెప్పి కూర్చున్నారు.

ఇంటికి తిరిగొచ్చాక తన సంఘంలో బడి గురించి, పాఠాల గురించి, రంగులేసిన గది గురించి చెప్పారు. ఇది మాత్రం భార్యతోనే చెప్పుకున్నారు. ఆవిడ అంతా విని, "మరి క్షమించినట్టేనంటారా?" అని అడిగింది.

"తెలీదు," అన్నారాయన. "నేను అడగలేదు."