తల వెనక మొహం

పత్తి ఏరడానికి పోయేవాళ్ళు తల వెనక ఇంకో మొహం కట్టుకునే రోజులొస్తాయని ఆ ఊళ్ళో ఎవరూ అనుకోలేదు. కాగజ్‌నగర్ దగ్గరి అడవిని ఆనుకుని ఉన్న ఊరు అది. పులి తిరుగుతోందని తెలిశాక అటవీ శాఖ వాళ్ళు వచ్చి ఇంటింటికీ మాస్కులు పంచారు. పులి వెనక నుంచే మీద పడుతుందట, మొహం తన వైపే చూస్తుంటే జంకుతుందట. మీసాలున్న ఆ మొహాలు తగిలించుకుని ఆడవాళ్ళు మొదటి రోజు ఒకరినొకరు చూసి పడీపడీ నవ్వారు. మర్నాడు వాగు ఇసుకలో పులి అడుగులు కనిపించాయి. నవ్వులూ ఆగాయి, కూలీలు రావడమూ ఆగింది.

నర్మద చేను సరిగ్గా ఆ వాగు పక్కనే ఉంది. కాయలన్నీ పగిలి పత్తి వేలాడుతోంది. పైన మబ్బు కమ్ముకొస్తోంది. ఒక్క వాన పడితే చాలు, ఏడాది కష్టం నల్లబడి నేలపాలవుతుంది. నర్మదకు కాలు నిలవడం లేదు. ఇంట్లోంచి వాకిట్లోకి, వాకిట్లోంచి ఇంట్లోకి తిరుగుతూ మబ్బును తిట్టిన తిట్టు తిట్టకుండా తిడుతోంది.

కూలీల గుంపుకు పెద్ద యాదవ్వ. ఆమె వచ్చి ఖరాఖండిగా చెప్పేసింది. "మీ ఇంటి మనిషి వాగు దిక్కు సాలుల నిలబడితె మేమస్తం. లేకుంటె రాం. మాయి పానాలు కావా?"

"నేనస్త తియ్యి" అంది గడపలో కూర్చున్న ఐలవ్వ.

ఐలవ్వ నర్మద అత్త. మోకాళ్ళు పట్టేసి కర్ర లేనిదే లేవలేదు. అయినా ఆ మాటకు యాదవ్వ మొహం వెలిగిపోయింది. మరి ఐలవ్వంటే మాటలా? పడుచుతనంలో ఎలుగుబంటి ఎదురైతే కొడవలి పట్టుకుని నిలబడి, అరిచి తరిమేసిన మనిషి. తరిమాక నిమ్మళంగా వాగులో నడుం లోతు దిగి, గంగమ్మకు దండం పెట్టుకుని, తడి చీరతోనే ఇంటికొచ్చి వంట చేసిందని ఊరంతా కథలుగా చెప్పుకుంటారు. అప్పటి నుంచి ఎవరింట్లో పాము దూరినా, తాగినవాడు రచ్చ చేసినా పిలుపు ఐలవ్వకే. "గసొంటి ధైర్యం పుట్టుకతోనే రావాలె, నేర్సుకుంటె రాదు" అని ఊరి తీర్పు.

పెద్దపల్లి దిక్కు వరి పొలాల మధ్య పుట్టిన నర్మదకు అది రాలేదని కూడా ఊరు ఎప్పుడో తేల్చేసింది. బల్లి కిందపడితే మంచమెక్కే మనిషి ఆమె. మస్కట్‌లో ఉన్న మొగుడు శ్యాంసుందర్ పొద్దున ఫోన్‌లో అదే అన్నాడు. "మా అవ్వకు పుట్టుకతోనే అచ్చింది. నీకు రాలె, ఏంజేస్తం? పత్తి పోతె పోనియ్యి, పరేషాన్ గాకు." ఓదారుస్తున్నాననుకున్నాడు పాపం. నర్మదకు ఒళ్ళు మండిపోయింది. సముద్రం అవతల కూర్చుని ఎవరికి ఏది పుట్టుకతో వచ్చిందో చెప్పడం ఎంత సుళువు!

కుంటుతూ నడిచే ముసలామెను పులికి ఎదురు పంపి తను ఇంట్లో కూర్చుంటే ఆ రోజు ముద్ద దిగుతుందా?

"నువ్వద్దు అత్తమ్మా, నేనే పోత" అనేసింది. అన్న మరుక్షణం నాలుక కరుచుకుంది. కానీ యాదవ్వ అప్పటికే కూలీలను కేకేస్తూ వెళ్ళిపోయింది. ఐలవ్వ మాత్రం ఊరుకుందా? గట్టు మీద కూర్చుంటానని నీళ్ళ డబ్బా పట్టుకుని వెంట వచ్చింది.

నర్మద చేతులు పత్తి మీద ఉన్నాయి, చెవులు వాగు మీద ఉన్నాయి. ఒక కాయ ఒలవడం, గిరుక్కున వెనక్కి తిరగడం. ఎండుటాకు రాలినా తిరిగింది, పిట్ట లేచినా తిరిగింది.

"ఓ నర్మదా!" అని గట్టు మీద నుంచి ఐలవ్వ కేక పెట్టింది. "గట్ల గిర్రగిర్ర తిరుగుతుంటె నీ ముంగటి మొహమేదో ఎన్కటిదేదో పులికెట్ల తెలుస్తదే?"

కూలీలు కిసుక్కున నవ్వారు. నర్మదకు నవ్వు రాలేదు. నడుముకు కట్టిన ఒడి పత్తితో నిండి బరువెక్కింది. గాలి ఆడడం లేదు. అయినా వాగు ఒడ్డున గడ్డి కదిలింది. అలవాటుగా వెనక్కి తిరిగింది.

గడ్డిలోంచి పులి తల బయట పెట్టి చూస్తోంది. దానికి ఎదురుగా ఉన్నది మీసాల మొహం కాదు, నర్మద సొంత మొహమే.

పారిపోవాలనుకుంది. ఒట్టేసి చెప్పమన్నా చెబుతుంది, పారిపోవాలనే అనుకుంది. కాళ్ళు రాలేదు. నోరు తెరుచుకుని లోపలి నుంచి ఒక అరుపు వచ్చింది. అది తన గొంతేనని ఆమెకే తెలియలేదు. ఊపిరి అయిపోయేదాకా అరిచి, గాలి పీల్చుకుని మళ్ళీ అరిచింది. కూలీలు తేరుకుని సద్ది గిన్నెలు వాయించారు. పులి ఇంకాసేపు చూసి, విసుగు పుట్టినట్టు తల తిప్పుకుని వాగు దాటి అడవిలోకి పోయింది.

"నర్మద పులిని ఎల్లగొట్టింది!" అంటూ యాదవ్వ ఉరికొస్తోంది. వెనకాల అందరూ ఉరికొస్తున్నారు.

అప్పుడు తెలిసింది నర్మదకు, చీర తడిసిపోయిందని. పులి ముందు రాని ఏడుపు ఇప్పుడు తన్నుకొచ్చింది. ఇంకాసేపట్లో అందరూ చూస్తారు, ఊరంతా నవ్వుతుంది.

అందరికంటే ముందు, పక్క గట్టు మీద నుంచి ఐలవ్వ కుంటుతూ వచ్చింది. కోడలిని ఒక్కసారి కిందికీ పైకీ చూసింది. డబ్బా ఎత్తి నీళ్ళన్నీ ఆమె నెత్తిన గుమ్మరించింది.

"సొమ్మసిల్లుతుంది పిల్ల! జర దూరముండుండ్రి, గాలాడనియ్యుండ్రి!" అని అందరినీ అదిలించి, తల తుడుస్తున్నట్టు చెవి దగ్గరికి వంగింది. "నాకు గప్పుడు నీళ్ళు పోసెటోళ్ళు లేకుండె. అందుకే వాగుల దిగిన."

నర్మద తేరిపార చూసింది. "మరి దండమో?"

"ఒడ్డు మీద మంది సూస్తుండిరి. ఊకె నిలబడితె బాగుంటదా? పెట్టిన."

నర్మదకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "గా పాములు, గా తాగుబోతులు?"

"అందరు ధైర్యమున్నదంటుంటె పోకుంటెట్ల? భయం పోలె బిడ్డా, పోవుడే అలవాటైంది."

పొద్దు వాలకముందే పత్తి ఇంటికి చేరింది. నర్మద కాళ్ళు చాపుకుని కూర్చుందో లేదో, పక్కింటి రాజం రొప్పుతూ వాకిట్లోకి వచ్చాడు. గడపలోని ఐలవ్వ వైపు చూడనైనా చూడలేదు.

"నర్మదా, జర జల్ది రా! మా బర్రెల కొట్టంల పాము దూరింది!"

నర్మద అత్త వైపు చూసింది. ఐలవ్వ తన కర్ర ముందుకు చాచింది.

"కాళ్ళు వణుకుతున్నయి అత్తమ్మా" అని నర్మద గొణిగింది.

"నాకు ఇప్పటికీ వణుకుతయి. పో."

నర్మద కర్ర అందుకుంది. గడప దాటబోతూ ఆగి, మూలనున్న చెంబు నిండా నీళ్ళు ముంచుకుని అది కూడా పట్టుకుని బయల్దేరింది.