కోడిపుంజుతో అమ్మ బేరం

మా అమ్మ బేరమాడకుండా ఏదీ కొనదు. అగ్గిపెట్టె మీద ధర అచ్చేసి ఉన్నా ఒకమాట అడిగి చూస్తుంది. బజారులో నేను ఎవరి కూతురినో అన్నట్టు నాలుగడుగులు వెనక నిలబడతాను.

అమ్మ బట్టలు కుడుతుంది. నాన్న గోడలకు రంగులు వేస్తాడు. ఆయన నిచ్చెన మీంచి పడి మంచం పట్టిన ఏడాది, కుట్టుమిషను అప్పుకి వాయిదాలు కట్టలేకపోయాం. బ్యాంకు ఆ బాకీని వసూళ్ళ కంపెనీకి అప్పగించింది. ఆ కంపెనీ మనిషి రోజూ తెల్లారకముందే ఫోన్ చేసేవాడు. నాన్న అతనికి కోడిపుంజు అని పేరు పెట్టాడు.

నాన్న కోలుకుని మళ్ళీ పనికి వెళ్ళడం మొదలుపెట్టాక, అమ్మ డబ్బు కూడబెట్టి కోడిపుంజును ఇంటికే పిలిచింది.

"ఇదిగో తమ్ముడూ, ఉన్నది ఇంతే. మిగతాది కొట్టెయ్యి. కాదంటావా, రేపు మళ్ళీ ఫోన్లో కూసుకో."

అతను బయటికి వెళ్ళి ఎవరితోనో ఫోన్లో మాట్లాడి వచ్చాడు. "నీతో నా వల్ల కాదక్కా" అని నవ్వి, బాకీలో నాలుగో వంతు వదిలేశాడు. అప్పు తీరినట్టు కాగితం కూడా వచ్చింది. బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ అమ్మ ఆ కథ చెప్పింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కొలతలు తీస్తూ కూడా చెప్పింది.

ఈ వేసవిలో మా బడి యూనిఫారాలన్నీ అమ్మకే ఇస్తామన్నారు. కాకపోతే అంచులు కుట్టే మోటారు మిషను ఉండాలి. సెలవులు అయ్యేలోపు బట్టలు అందాలి. ఆ మిషను కోసం అప్పు అడగడానికి అమ్మ నన్ను తోడు తీసుకుని బ్యాంకుకు వెళ్ళింది.

అక్కడి ఆఫీసరమ్మ కంప్యూటరు వంక చాలాసేపు చూసింది.

"మీ క్రెడిట్ స్కోరు బాగా తక్కువుందమ్మా. పాత అప్పు ఒకటుంది."

"అది తీర్చేశాం కదండీ! ఇదిగో కాగితం."

"తీర్చారు. కానీ తగ్గించుకుని తీర్చారని రికార్డులో ఉంది. అది చూస్తే కొత్త అప్పు ఇవ్వడానికి మా పైవాళ్ళు ఒప్పుకోరు."

"తగ్గించింది వాళ్ళే కదండీ?"

"వాళ్ళే. కానీ రికార్డు మీ పేరు మీద ఉంటుంది. కొన్నేళ్ళు ఉంటుంది."

అమ్మ కుర్చీ అంచుకు జరిగింది. "పోనీ ఆ వదిలేసింది ఇప్పుడు కట్టేస్తాను. చిల్లిగవ్వ తగ్గించమనను."

"కంపెనీని అడిగి చూడండి. వాళ్ళు తీసుకుని రికార్డు మారిస్తే కొంత నయం. అయినా వాయిదాలు తప్పిన నెలలు అలాగే కనబడతాయి. నా చేతిలో ఏమీ లేదమ్మా."

ఆమె నిజంగానే బాధపడుతూ చెప్పింది. కోప్పడదామంటే ఎవరూ దొరకలేదు. చదువుకుంటున్నదాన్ని కదా, నేనేమైనా అడుగుతానేమోనని అమ్మ నా వైపు చూసింది. నేను కాగితం మడిచి సంచిలో పెట్టాను.

ఇంటికొచ్చి అమ్మ కోడిపుంజుకు ఫోన్ చేసింది. ఆ నంబరు ఇప్పుడు లేదట.

"వద్దన్నప్పుడు కూసి చంపాడు. కావాలంటే పత్తా లేడు" అన్నాడు నాన్న. ఎవరూ నవ్వలేదు.

కంపెనీకి చేస్తే ఎవరో అమ్మాయి, "ఆ ఖాతా మూసేశాం, మళ్ళీ తెరవడం కుదరదండీ" అని పెట్టేసింది. అమ్మ రోజూ చేస్తూనే ఉంది. రోజూ అదే మాట. ఈలోగా యూనిఫారాల పని వేరే దర్జీకి వెళ్ళిపోయింది.

నిన్న బజారుకు వెళ్ళాం. నేను వెనక నిలబడలేదు. సంచి పట్టుకుని అమ్మ పక్కనే ఉన్నాను. కూరగాయలామె టమాటాల ధర చెప్పింది. అమ్మ మాట్లాడకుండా డబ్బు తీసి ఇచ్చింది.

"ఏంటక్కా, ఒంట్లో బాగాలేదా? నువ్వు తగ్గించమంటావని ఎక్కువ చెప్పాను" అంటూ ఆమె కొంత తిరిగి ఇవ్వబోయింది.

అమ్మ చెయ్యి వెనక్కి లాక్కుంది.

"వద్దు" అంది. "మొత్తం తీసుకో."