భరించును, భరించెను

శారదమ్మను చంపింది జబ్బు కాదు, పాస్టర్ తారాచంద్ చెప్పిన వాక్యం. ఆమె భర్త రాజారాంకు ఇందులో అనుమానం లేదు. ఆ వాక్యం నమ్మే ఆమె దవాఖానకు పోలేదని బాన్సువాడలో నాలుగేళ్లుగా అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాడు.

అలాంటి మనిషి అదే పాస్టర్ ప్రార్థన మందిరం గోడ మీద అదే వాక్యం రాయడానికి ఒప్పుకున్నాడని తెలిసి జనం ముక్కున వేలేసుకున్నారు. ఫ్లెక్సీలు వచ్చాక ఊళ్లో కుంచె పట్టేవాడు అతనొక్కడే మిగిలాడు, నిజమే. కానీ అతను ఒప్పుకున్నది పని కోసం కాదు. తన ఇల్లు కూల్చిన మాట ఏమిటో అక్షరం అక్షరం దగ్గర నుంచి చూడాలనిపించింది. ఏడో తరగతి వరకు ఊరి బడిలో చదివినవాడు. ఒక్క ఒత్తు తప్పితే బోర్డంతా తుడిచి మళ్లీ రాసే రకం.

కాగితం మీద పాస్టర్ రాసిచ్చిన వాక్యం చిన్నదే. మన రోగములను అతడు భరించెను. కింద యెషయా ప్రవక్త అని ఉంది.

రాజారాం రెండుసార్లు చదివి ఎగతాళిగా నవ్వాడు. ప్రవక్త అంటే జరగబోయేది చెప్పేవాడు. ఏసు పుట్టడానికి ఏడు వందల ఏళ్ల ముందే చెప్పాడని వీళ్లే అంటారు. మరి అయిపోయినట్టు ‘భరించెను’ ఏమిటి? ‘భరించును’ అనాలి. ఒక క్రియ సరిగా రాయలేనివాళ్లు వచ్చి తన భార్యకు ధైర్యం చెప్పారన్నమాట. చకారానికి ఎత్వం తీసేసి కొమ్ము పెట్టి, నీలం రంగుతో జానెడు అక్షరాలు రాసేశాడు.

రంగు ఆరకముందే తారాచంద్ వచ్చాడు. పిట్లం దగ్గరి తండాలో పుట్టినవాడు. బండి దిగి గోడ చూసి ఆగిపోయాడు.

“రాజారామన్నా, గిదేంది? భరించెను అని గద రాసిచ్చిన.”

“తప్పుంటే సరిజేసిన. మీ ప్రవక్తకు వ్యాకరణం రాదు.”

“నాకూ రాదన్నా. కానీ అది తప్పు గాదు.”

“ఎట్ల గాదు? రేపొచ్చేటోన్ని నిన్న వచ్చి పోయినట్టు చెప్తరా?”

“చెప్పిండు గద. ముందుగాల రాసిన హెబ్రీ భాషలనే అట్లున్నది. ప్రవక్తకు అది అంత ఖాయం. అందుకే అయినట్టే చెప్పిండు.”

“ఎవని గురించి? పేరున్నదా?”

“లేదు. సేవకుడు అనే ఉన్నది.” తారాచంద్ గోడ నీడలో గొంతుకూర్చున్నాడు. “యూదులల్ల శానమంది ఆ సేవకుడు తమ జాతే అంటరు. మేము ఏసు అంటం. ఆయన పడ్డ దెబ్బలు చూసినోళ్లు, ఆ పాత మాట మళ్ల చదివితే వాళ్లకు ఆయనే కనవడ్డడు.”

“అంటే ముందుగాల మనిషిని చూసి, ఎనుకకు పోయి మాటను దొరకబట్టిన్రు.”

“అట్లనే అనుకో అన్నా.”

పాస్టర్ బుకాయిస్తాడనుకున్నాడు రాజారాం. ఒప్పుకున్నాడు. రాజారాం కుంచె డబ్బాలో పెట్టాడు. ఇంకా అడగాలనిపించింది. అంతలో ఫోన్ మోగింది. విత్తనాల దుకాణం విజయ్‌కుమార్, తన బోర్డు గురించి.

“అయిపోయింది సేట్! రంగు ఆర్తుంది. ఆరంగనే తెచ్చుడే.”

తారాచంద్ పక్కకు చూశాడు. రాజారాం బండికి ఆనించి ఒక రేకు ఉంది. దాని మీద గీత కూడా లేదు.

“గీ బోర్డేనా అన్నా అయిపోయింది?” పాస్టర్ పకపకా నవ్వాడు.

“చేస్త గద! చేసుడు ఖాయమైతే అయిపోయినట్టే.”

“ఆఁ! ప్రవక్త చెప్పింది గూడ గదే.”

రాజారాంకూ నవ్వు వచ్చింది. అంతలోనే గుర్తొచ్చింది. ఇలాంటి మాట తన ఇంట్లో ఒకసారి విన్నాడు.

నిజామాబాద్ దవాఖానకు పోవాల్సిన పొద్దున అది. సర్దిన సంచి గడప దగ్గర ఉంది. శారదమ్మ బీడీలు చుట్టే చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. “నాకు తగ్గింది. నువ్వు పనికి పో,” అంది. ఆమె ఎడమ చెయ్యి కడుపును అదిమి పట్టుకునే ఉంది. అతను చూశాడు. పెద్ద కొడప్‌గల్‌లో ఒక గోడ రాసే పని ఉంది. సంచిని మళ్లీ ఇంట్లో పెట్టి వెళ్లిపోయాడు. పంతొమ్మిదో రోజు ఆమె పోయింది.

నిజంగా తగ్గి ఆ మాట అనలేదు ఆమె. తగ్గడం ఖాయమన్న నమ్మకంతో తగ్గిందని అంది. మొదలుపెట్టని బోర్డులను ఇరవై ఏళ్లుగా అయిపోయాయని చెప్పేవాడికి ఆ మాట తెలియలేదా?

“దవాఖానకు పోవద్దని ఆమెకు చెప్పినవా నువ్వు?” నాలుగేళ్లలో ఈ ప్రశ్న ఊరందరి ముందూ వేశాడు, పాస్టర్‌ను మాత్రం అడగలేదు.

“లేదన్నా. ఆదివారం ప్రార్థన చేసి, పోయి రా అక్కా అన్న. నువ్వు తీస్కపోతున్నవని ఆమెనే చెప్పింది. పోలేదని నాకు తర్వాత ఎరుకైంది.”

రాజారాం ఆ ముఖంలో అబద్ధం కోసం వెతికాడు. దొరికితే బాగుండేది.

క్షమించమని అడగలేదు. కిరోసిన్‌తో గుడ్డ తడిపి కొమ్ము తుడిచాడు. ఎత్వం పెట్టాడు. తుడిచిన చోట నీలం మరక మిగిలింది.

“మరక ఉంటదేమో అన్నా.”

“ఉండనీ.”

సాయంత్రం ఖాళీ రేకు తీసుకుని విజయ్‌కుమార్ దుకాణానికి పోయాడు.

“అయిపోయిందంటివి?” అన్నాడు విజయ్‌కుమార్.

“కాలే. రేపు మొదలుపెడ్త.”

“బాగుంది! అది సరే, పాస్టర్‌తోని తేల్చుకున్నవా? మీ ఇంటామెను చంపిన వాక్యం నీ చేతులతోనే రాస్తివట. ఏమన్నడు?”

రాజారాం రేకును మళ్లీ చంకలో పెట్టుకున్నాడు.

“ఆ ముచ్చట ఇగ ఎత్తకు సేట్. నిన్నటిదాంక చెప్పిన. ఇగ చెప్ప. నీకు గాదు, ఎవ్వరికీ చెప్ప.”