బాపట్ల ప్రధానానికి జోకరు

ముక్కు లేకపోతే జోకరు ఎలా అవుతాడని సుధీర్, ముక్కు పెడితే ఫొటోల్లో పెదనాన్న మొహం కనపడదని ఫ్లోరెన్స్ అప్పటికే చాలాసేపటి నుంచి వాదించుకుంటున్నారు. ఆన్‌లైన్లో తెప్పించిన చారల ప్యాంటు, పెద్ద గుండీల కోటు సోఫా మీద పరిచి ఉన్నాయి. వాటి పక్కనే ఎర్రటి స్పాంజి ముక్కు.

"కనపడకపోతేనే నయం కదే" అన్నాడు సుధీర్.

ఆ మాటతో ఇద్దరూ ఆగిపోయారు. వంటింట్లో చింతపండు పిసుకుతున్న వాళ్ళమ్మ కరుణశ్రీ చెయ్యి కూడా ఆగింది. ముందు గదిలో కుట్టుమిషను చప్పుడు మాత్రం ఆగలేదు.

ఆ మిషను ముందు కూర్చున్న ఇస్సాకు ఆమె భర్త రత్నరాజుకి అన్న, పిల్లలకి పెదనాన్న. మనిషి బల్ల ఎత్తు కూడా ఉండడు. వయసంతా సర్కస్‌లో జోకరుగా గడిపి, అది మూతపడ్డాక తెనాలిలో తమ్ముడి ఇంటికి వచ్చేశాడు. మిషనుకి మోటారు పెట్టించి, దాని పెడల్‌ని పీట మీదికి ఎత్తుకుని వీధిలో అందరికీ జాకెట్లు కుడతాడు. ఫ్లోరెన్స్ పుట్టినప్పటి నుంచి వేసుకున్న గౌన్లన్నీ ఆయన కుట్టినవే.

ఇంటికి కొత్తవాళ్ళు వచ్చే ముందు ఆయన రేపల్లెలో చెల్లెలు రిబ్కా ఇంటికి వెళ్తాడు. ఎవరూ పొమ్మనరు. "రిబ్కా మిమ్మల్ని అడుగుతోందండి బావగారూ" అని కరుణశ్రీ ఓ మాట అంటుంది. ఆయన సంచి సర్దుకుని రేపల్లె రైలు ఎక్కుతాడు. ఫ్లోరెన్స్‌ని చూసుకోవడానికి బాపట్ల వాళ్ళు వచ్చినప్పుడు ఆ మాట అనాల్సిన పని కూడా పడలేదు. ముందు రోజు పొద్దున్నే వెళ్ళిపోయాడు.

తర్వాత ఓ సినిమా వచ్చింది. చిన్న డేరాతో మొదలుపెట్టి దేశంలోకెల్లా పెద్ద సర్కస్ కట్టాలనుకున్న ఒకాయన కథ. నిండా పాటలే. ఊళ్ళు దాచిపెట్టిన మనుషులందరినీ ఆయన చెయ్యి పట్టుకుని వెలుగులోకి తెచ్చే పాటకి తెనాలి థియేటర్లో జనం లేచి నిలబడ్డారు. కరుణశ్రీ ఏడ్చింది. మర్నాడు బడిలో ఎనిమిదో తరగతి పిల్లలకి ఆ కథ చెప్పి, మనిషి ఆకారాన్ని చూసి ఎవరినీ తక్కువ చేయకూడదని పాఠం ఆపి మరీ చెప్పింది.

పెళ్ళికొడుకు తల్లి ఆ సినిమా రెండోసారి చూశానని ఫోన్ చేసినప్పుడు, సుధీర్ ఉత్సాహపడి సర్కస్‌లో నిజంగా పనిచేసిన జోకరు తమకి తెలుసన్నాడు. ఆవిడ ముచ్చటపడింది. పెళ్ళి ఖాయం చేసుకునే ప్రధానం రోజున ఆయన్ని తీసుకొచ్చి ఆ పాటకి ఆడించమంది. ఇన్నాళ్ళూ దాచుకున్నది ఇప్పుడు గొప్పగా చూపించుకోవచ్చని ఇంట్లో అందరికీ గుండెల మీది బరువు దిగినట్టయింది. ఇస్సాకుని అడిగితే, "చూద్దాంలే" అన్నాడు.

ఆ ఫోన్లో "మా పెదనాన్న" అన్న మాట సుధీర్ అనలేదు. పక్కనే ఉండి విన్న కరుణశ్రీ కూడా దాన్ని సరిచేయలేదు.

చేతులు తుడుచుకుని ఆమె ఆ డ్రస్సు తీసుకుని ముందు గదిలోకి వెళ్ళింది. నడుము దగ్గర బిగించుకోవాలేమో చూడమంది. ఇస్సాకు ప్యాంటుని తిరగేసి కుట్లు చూశాడు.

"నేనూ చూశానమ్మా ఆ సినిమా, మాట్నీకి వెళ్ళి" అన్నాడు. "బాగా పాడాడు. మా ఓనరు పాడేవాడు కాదు, అరిచేవాడు. ఆయనకీ పేరు పిచ్చే. కానీ ఏ ఊళ్ళో ఎవరు భోజనానికి పిలిచినా నన్ను పక్కన కూర్చోబెట్టుకునేవాడు."

కరుణశ్రీ కోటు కూడా ఆయన ముందుకు జరిపింది.

"బాపట్ల వాళ్ళు అడిగింది ఫ్లోరెన్స్ పెదనాన్ననా, జోకరునా?"

ఆయన గొంతులో కోపం లేదు. జాకెట్‌కి కాజాలు కావాలా, హుక్కులు కావాలా అని అడిగినట్టే అడిగాడు. కరుణశ్రీ దారపు కండెల వైపు చూసింది.

"వాళ్ళకి ఇంకా చెప్పలేదండి బావగారూ."

"సరేనమ్మా."

ప్యాంటు, కోటు మడతపెట్టి ఆమె చేతికే ఇచ్చేశాడు. ఆమె వంటింట్లోకి వెళ్ళి స్టవ్ వెలిగించింది. ప్రధానంలో పాస్టరు గారి ప్రార్థన అయ్యాక, బైబిళ్ళు మార్చుకోకముందు, రెండు వైపులా ఇంటి పెద్ద లేచి తనవాళ్ళని పేరు, వరస చెప్పి ఒక్కొక్కరినే నిలబెడతాడు. పేరు విన్నవాళ్ళు లేచి దణ్ణం పెట్టాలి. ఆ పని రత్నరాజు చేయాలనుకున్నారు. తనవాళ్ళంతా లేచి నిలబడుతుంటే బావగారు ఎక్కడ ఉంటాడు? ఏ పక్క గదిలోనో మొహానికి రంగు వేసుకుంటూ ఉంటాడు. తర్వాత వచ్చి ఆడతాడు. అందరూ చప్పట్లు కొడతారు, తనూ కొడుతుంది. ఆపైన భోజనాల్లో ఆయన్ని ఎక్కడ కూర్చోబెడతారు? రేపల్లె పంపినప్పుడు కనీసం ఆయన ముందు నటించాల్సిన పని లేకపోయింది. పులుసు పొంగి స్టవ్ మీద పడేదాకా ఆమె అలాగే నిలబడి ఉంది.

సాయంత్రం భోజనాలకి ముందు రోజూలాగే కుటుంబ ప్రార్థనకి కూర్చున్నారు. ఫ్లోరెన్స్ వాక్యం చదివింది. రత్నరాజు ప్రార్థన చేస్తూ ఆదివారం జరిగే కార్యాన్ని దీవించమని, వచ్చే బంధువులందరినీ క్షేమంగా చేర్చమని వేడుకున్నాడు. కరుణశ్రీ కళ్ళు మూసుకుంది గానీ ఒక్క మాటా మనసులోకి వెళ్ళలేదు. ఆమెన్ అన్నాక సుధీర్ లేవబోయాడు.

"కూర్చో నాన్నా" అన్నాడు ఇస్సాకు.

వాడు కూర్చున్నాడు.

"ఆదివారం నేనూ బాపట్ల వస్తున్నాను. ఆడను. ఈ ఇంటికి పెద్దవాణ్ణి నేను, మనవాళ్ళ పేర్లు నేనే చెప్తాను. రత్నం, నువ్వు నా తర్వాత."

"అన్నయ్యా, వాళ్ళకి ముందు ఏదో ఒకటి..." అని రత్నరాజు ఆగిపోయి భార్య వైపు చూశాడు. ఆమె తల ఎత్తలేదు. ఫ్లోరెన్స్ కళ్ళు తుడుచుకుంటూ పెదనాన్న పక్కకి జరిగింది.

"ముందుగా ఫోన్ చేసి చెప్తారో, మానేస్తారో మీ ఇష్టం" అన్నాడు ఇస్సాకు నెమ్మదిగా. "చెప్పకపోతే అక్కడే వింటారు. మొదట నా పేరే చెప్పుకుంటాను, పిల్ల పెదనాన్నని అని."